బురదగుంటకు కంచె

“కళ్ళారా చూడండి మేడమ్. ఇది గాలికి తెగిన తీగలా ఉందా?”

పదమ్‌సింగ్ మాస్టారు తెగిన ముళ్ళతీగ కొసను పైకెత్తి పట్టుకున్నారు. గుంట మధ్యలో మెడవరకూ మునిగిన గేదె ఆయనవైపు ఒకసారి చూసి చెవి ఆడించింది. గట్టుమీద గొడుగు కింద కూర్చున్న సిర్మాయా కనీసం లేవలేదు.

“తీగకు నోరుంటే చెప్పేది మాస్టారూ. నన్నడిగితే ఏం లాభం?”

“కంచె లోపల నీ గేదె ఏం చేస్తోంది?”

“స్నానం. మీరు చేసి ఎన్నాళ్ళయిందో గాని, దానికి రోజూ కావాలి.”

ఏలకుల తోటలో పనిచేస్తున్నవాళ్ళు పకపకా నవ్వారు. “నవ్వుతారేంట్రా! నాలుగు గుక్కల పాలకోసం ఊరి కంచె తెంపుకుంది సిగ్గులేని మనిషి!” అని వాళ్ళలో ఒకతను అరిచాడు. సిర్మాయా అతనివైపు చూడలేదు.

కంచె వేయించిన సంస్థ తరఫున ఖాట్మండు నుంచి ఇలాం కొండలకు వచ్చింది బినీతా. ఈ నీటిలో బల్లిలా ఉండే సలమాండర్లు ఇంకా గుడ్లు పెడుతున్నాయో లేదో ఆమె తేల్చాలి. లేదని తేలితే సంస్థ తప్పుకుంటుంది. గుంటను చేపల పెంపకానికి ఇవ్వాలని వార్డు పెద్దలు ఎప్పటినుంచో చూస్తున్నారు. చేపలు దిగాక సలమాండర్ పిల్ల ఒక్కటీ మిగలదు.

ఇన్నాళ్ళూ చేపలు దిగకుండా ఆగింది మాస్టారి మాటవల్లే. ఆయన దగ్గర చదువుకోని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. పశువులు తొక్కి గుడ్లు పాడుచేస్తున్నాయని ఆయన చెబితే, ఇంటికో స్తంభం చొప్పున కొండ ఎక్కించి మరీ కంచె వేశారు. గొణిగినవాళ్ళకు ఆయన నలుగురిలో చీవాట్లు పెట్టారు. తర్వాతి వానాకాలంలో గుడ్లు తగ్గాయి. ఆ మరుసటి ఏడు ఒక్కటీ కనబడలేదు.

“ఈసారి కూడా లేకపోతే?” అని బినీతా దారిలో అడిగినప్పుడు మాస్టారు అడుగుల వేగం పెంచారు.

ఆమె రబ్బరు బూట్లతో నీటి అంచుకు దిగింది. నిరుడు తీసిన ఫొటోల్లో, పశువుల అడుగు పడక గుంటనిండా తుంగ కమ్ముకుని, నీరు ఇంకిపోయి ఉంది. ఇప్పుడు నడుమ అంతా నీరే. గేదె తొక్కిన బంకమట్టి పలకలా బిగిసి నీటిని ఇంకనివ్వడం లేదు. బినీతా అంచున ఉన్న ఒక గడ్డికాడను వేలితో వంచింది. దానికి అంటుకుని, గాజుపూసలా, ఒక గుడ్డు. పక్క కాడకు మరొకటి.

“మాస్టారూ!”

ఆయన పరుగున వచ్చి బురదలో మోకాళ్ళమీద కూలబడ్డారు. గేదె డెక్క దిగిన గుంతలో, ముదురు గోధుమరంగు ఒంటికి ఇరుపక్కలా బొడిపెల వరుసతో, ఒక సలమాండర్ కదలకుండా ఉంది.

“చలికాలమంతా రాళ్ళకింద తిండి లేకుండా పడుకుంటుంది మేడమ్. తొలివాన పడగానే లేచి, ఆ పొట్టికాళ్ళతో కొండ దాటుకుని ఈ నీటికే వస్తుంది. కాలు తెగితే కాలు మొలిపించుకుంటుంది. ఇంతకంటే మొండిగా బతకడం ఎవరివల్ల అవుతుంది?”

“అయితే నా గేదెను ఉండనిస్తారా?” అంది సిర్మాయా.

మాస్టారు తోటలోవాళ్ళకు వినబడేలా గొంతు పెంచారు. “నువ్వు చేసిన పనికి ఇదే శిక్ష! రోజూ గేదెను ఇక్కడికే తోలుకొచ్చి, ఎవరూ చేపలు వదలకుండా కాపలా కాయి!”

“బాగుంది శిక్ష! ఇక దీనికి పట్టపగ్గాలుండవు.”

సిర్మాయా జీపుదాకా బినీతాకు గొడుగు పట్టింది.

“తీగను అలాగే వదిలెయ్యండక్కా. మా వాళ్ళతో నేను మాట్లాడతాను,” అంది బినీతా. “అంత పట్టుదల మనిషికి ఎదురు తిరిగి, ఊరందరి చేతా మాటలు పడ్డారు. మీకింత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది?”

సిర్మాయా వెనక్కి తిరిగి చూసింది. మాస్టారు తోటలోవాళ్ళను పిలిచి, ఒక్కొక్కరికీ గుడ్లు చూపిస్తున్నారు. ఇందాక అరిచినతను కూడా ఆయన చెప్పినట్టే ఊపిరి బిగబట్టి, వంగి చూస్తున్నాడు.

“ఆయన మాటకు విలువ పోతే రేపు ఈ నీళ్ళలో చేపలుంటాయమ్మా. నాదేముంది, నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటారు.”

బినీతాకు అర్థం కాలేదు. సిర్మాయా జీపు తలుపు వేసి, కిటికీలోంచి మెల్లగా అంది:

“తీగ తెంచింది మాస్టారే.”