గుర్రబ్బండ్ల ఊళ్ళో హత్య

“చంపిందెవరో నాకు సగంలోనే తెలిసిపోయింది ఆంటీ!” అంటూ వచ్చింది మానస, చెప్పులు విప్పుతూ. చేతిలో పులిహోర డబ్బా.

“చెప్పేయకు తల్లీ, పూజిత ఇంకా చదువుతోంది,” అంది సులోచన. “డబ్బా అలా కౌంటర్ మీద పెట్టు. నా చేతులు తడిగా ఉన్నాయి.”

మానస మూత తీసి చూపించింది. పులిహోర మీద జీడిపప్పులతో పెద్ద పువ్వు, మధ్యలో ఎండుమిరపకాయ. పొద్దున సగం ఆ పువ్వుకే సరిపోయింది. వంటింట్లో ఉన్నవాళ్ళంతా “అబ్బ, ఎంత ముచ్చటగా ఉందో!” అన్నారు.

ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్ తెలుగు ఆడవాళ్ళు నెలకో శనివారం సులోచన ఇంట్లో చేరి ఒక నవల గురించి మాట్లాడుకుంటారు. తలా ఒకటి వండి తెస్తారు. వెళ్ళేటప్పుడు ఎవరి డబ్బానీ సులోచన ఖాళీగా పంపదు. కిందటి నెల మానస డబ్బాలో సున్నుండలు వచ్చాయి. మానస ఈ వీధిలోకి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. భర్త శ్రీకాంత్‌కి లాప్‌టాపే లోకం. ఈ శనివారాలు కూడా లేకపోతే ఆమెకి తెలుగులో నోరు విప్పే చోటే లేదు.

ఈ నెల నవల అమెరికాలో అమిష్ వాళ్ళ ఊళ్ళో జరిగిన హత్య. కరెంటు వద్దు, కారు వద్దు, ఫోను వద్దు అనుకుని గుర్రబ్బండ్లలో తిరిగే దైవభక్తులు వాళ్ళు. ఇక్కడ తలా ఒక కారులో దిగిన ఆడవాళ్ళు, ఫోన్లు ఒళ్ళో పెట్టుకుని, ఆ నిరాడంబరతని తెగ మెచ్చుకుంటున్నారు.

“అసలు ఇలాంటి నవలల్లో అంత మజా ఏముందంటారు?” అంది నిర్మలాదేవి, టేబుల్ దగ్గర కుర్చీ లాక్కుంటూ.

“సీసీటీవీ లేదు, ఫోన్ రికార్డులు లేవు. మొహాలు చూసి పట్టుకోవాలి ఆంటీ!” అంది మానస. టేబుల్ దగ్గర చోటు చాలక, గాలి బాగా వస్తుందని సులోచన ఆమెని కిటికీ పక్క స్టూల్ మీద కూర్చోబెట్టింది. లేవనివ్వకుండా ప్లేటు కూడా తనే వడ్డించి తెచ్చింది.

“నా పులిహోర వెయ్యలేదే?”

“నీ పులిహోర నీకెందుకమ్మా? మాకుంచు,” అంది సులోచన. అందరూ నవ్వారు. మానసకి కడుపు నిండిపోయింది.

“నాకు మాత్రం హత్య కంటే ఆ ఊరే నచ్చింది,” అంది సులోచన టేబుల్ దగ్గరికి వెళ్ళి కూర్చుంటూ. “పోలీసులు ఎంత అడిగినా ఒక్కరూ నోరు మెదపరు. కానీ చేసిందెవరో ఊరంతటికీ ముందే తెలుసు.”

“శిక్ష కూడా చిత్రం ఆంటీ,” అంది మానస. “కొట్టరు, తిట్టరు. చక్కగా మాట్లాడతారు, అన్నం పెడతారు. ఆ మనిషితో కలిసి ఒక బల్ల మీద మాత్రం తినరు. ఆ చేత్తో ఏమిచ్చినా పుచ్చుకోరు. పాపం కదూ!”

“పాపమే,” అంది సులోచన.

పూజిత కూతురు సాత్విక అటుగా వస్తే మానస బ్యాగులోంచి చాక్లెట్ తీసి ఇవ్వబోయింది. “వద్దక్కా, దానికి దగ్గు,” అని పూజిత పిల్లని దగ్గరికి లాక్కుంది. కాసేపటికి ఆ పిల్ల పుల్ల ఐసు చీకుతూ తోటలో తిరిగింది.

“మన వీధిలోనూ హత్య జరిగింది కదా ఆంటీ,” అంది మానస. “మీ తెలుగు క్లాసుని చంపేశారు!”

ఆదివారాలు సులోచన, ఇప్పుడు వాళ్ళు కూర్చున్న ఆ ముందు గదిలోనే పిల్లలకి తెలుగు నేర్పేది. ఎవరో ఫిర్యాదు చేశారని కౌన్సిల్ నుంచి మనిషి వచ్చి అడిగాడు. గొడవెందుకని సులోచన మానేసింది. పిల్లల బొమ్మల అక్షరాలు ఇంకా గోడ మీదే ఉన్నాయి.

“నన్నడిగితే ఆ ఎదురింటి ముసలాయనే,” అంది మానస.

“హ్యారీయా? ఆదివారాలు వీధి బోసిపోయిందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు పిచ్చి మనిషి.”

“అయితే ఇక దొరకరు ఆంటీ. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కూడా అడగరు. పార్కింగ్ అని టిక్ పెడితే అయిపోతుంది.”

“అవునా? మాకు తెలీదు సుమా,” అంది పూజిత. సులోచన గోడ మీది అక్షరాల వైపు చూసి, టీ పెట్టడానికి లేచింది.

వెళ్ళేటప్పుడు మానస అడిగింది. “పులిహోరలో పులుపు సరిపోయిందా ఆంటీ?”

“బ్రహ్మాండంగా కుదిరిందమ్మా. నీ డబ్బా చెప్పుల స్టాండు మీద పెట్టాను, మర్చిపోకు.”

డబ్బా బరువుగా ఉంది. ఏం పెట్టి ఉంటారు? అరిసెలా, మళ్ళీ సున్నుండలా? రెండిళ్ళ అవతలున్న తన ఇంటికి మానస దాన్ని గుండెకి హత్తుకుని నడిచింది.

“ఏంటి, వెలిగిపోతున్నావ్?” అన్నాడు శ్రీకాంత్.

“చూడు ఎంత బరువుందో! బోలెడు పెట్టి పంపారు. ఇక నేనూ వాళ్ళలో మనిషినే.”

శ్రీకాంత్ గొంతు తగ్గించాడు. “క్లాసు సంగతి వచ్చిందా?”

“వచ్చింది. క్లాసుకొచ్చేవాళ్ళు మన వాకిలికి అడ్డంగా కార్లు పెట్టేవాళ్ళన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు. ఫిర్యాదు పెట్టిందెవరో వాళ్ళకేం తెలీదు,” అని మానస నవ్వుతూ మూత తీసింది.

జీడిపప్పు పువ్వు చెక్కుచెదరలేదు.