వెండెలిన్ ఊదిన స్వరం

నా భార్య ఇర్మా యూదురాలని నాజీ పోలీసులకు రాసిచ్చినవాడు వెండెలిన్. యుద్ధం ముగిశాక విచారణ సంఘం అతన్ని వదిలేసింది. లైప్‌జిగ్ ఆర్కెస్ట్రాలో మళ్లీ తన ఇత్తడి బూర, ట్రాంబోన్ పట్టుకుని కూర్చున్నాడు. క్షమించమని నాకు నీతులు చెప్పినవాళ్లలో ఒక్కరైనా భార్యను పోగొట్టుకున్నారా?

నా కొత్త సింఫనీ తొలి కచేరీ మొదలవబోతుండగా అతనికొక కొత్త పేజీ ఇచ్చాను.

“చివర్లో నాకింత పెద్ద స్వరమా! రిహార్సల్లో లేదే, మేస్ట్రో?”

“ఇవాళే చేర్చాను. నువ్వయితేనే మోగిస్తావు. గట్టిగా ఊదు.”

అతని ముఖం వెలిగిపోయింది.

చివరి భాగంలో, మిగతావాళ్ల కాగితాల్లో ఉన్నట్టే, వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. హాలంతా ఊపిరి బిగబట్టిన ఆ నిశ్శబ్దంలో వెండెలిన్ ట్రాంబోన్ ఒక్కటే బ్రహ్మాండంగా అరిచింది. జనం విరగబడి నవ్వారు. పన్నెండేళ్లు దాచుకుని రాసిన నా సింఫనీ నవ్వులపాలైంది. అయితే అయింది.

తెర వెనక నా చొక్కా పట్టుకున్నాడు. “పరువు తీశారు కదండీ! కాగితంలో ఉన్నది ఊదాను. నా తప్పేముంది?”

“విచారణలోనూ ఇదే అన్నావుగా. ‘వాళ్లు రాయమన్నారు, రాశాను, నా తప్పేముంది’ అని. వెళ్లి హాల్లో చెప్పుకో. వీళ్లూ నిన్ను వదిలేస్తారేమో చూద్దాం.”