ఎదుటి కుర్చీ

నరేశ్ చీర కవరును ఎదుటి కుర్చీలో పెట్టాడు, ఇంకెవరూ కూర్చోకుండా.

దుబాయిలో ఇథియోపియా వాళ్ల హోటల్ అది. కోరుట్ల నుంచి వచ్చి ఇక్కడ టాక్సీ నడుపుకునే ఫరూఖ్ అతన్ని తెచ్చి దింపాడు.

"గీడనే కూసో తమ్మీ. మీ అమ్మ చెప్పిన చెల్లె గీ హోటల్లనే కలుస్తదట. తాహెరాబీ ఆపా చెప్పింది. నేను జుమ్మా నమాజు చేసుకొని అస్త."

"నేను నీసు ముట్టద్దన్నా. అమ్మ దినాలు కాలేదు."

"రంది వడకు. శుక్రారం వీళ్లకు ఉపాసం. నీసు సంగతి ఇడిసిపెట్టు, పాలు, నెయ్యి గూడ ముట్టరు. మీ అయ్యగార్ల కంటె ఎక్కువ."

"మరి ఆమెను ఎట్ల గుర్తువట్టాలె?"

"ఆమెనే నిన్ను గుర్తువడ్తది. నీది అచ్చం మీ అమ్మ మొఖమేనాయె."

ఫరూఖ్ వెళ్లిపోయాడు.

నరేశ్ తల్లి రాజక్క కథలాపూర్ నుంచి వచ్చి ఇక్కడి ఇళ్లలో పనిచేసింది. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. పని పోయింది. జగిత్యాల తాహెరాబీ ఉండే బిల్డింగులోనే ఒక గదిలో, పనిమనుషుల మధ్య మంచం పట్టింది. కొడుకుతో ఫోన్లో ఎప్పుడు మాట్లాడినా ఒకటే మాట.

"నాకేం రంది లేదు కొడుకా. చెల్లె ముద్దలు చేసి తినవెడ్తది."

"ఏ ఊరామెనే?"

"దూరం ఊరామె."

దూరమంటే రుద్రంగి ఊరా, మేడిపల్లి ఊరా అని ఇంట్లో వాదించుకున్నారు. నరేశ్ మళ్లీ అడగలేదు.

చావు కబురు వచ్చాక శవం కోసం బయలుదేరాడు. అమ్మమ్మ రాములవ్వ సిరిసిల్ల చీర తెచ్చి చేతిలో పెట్టింది.

"నా బిడ్డ నోట్లె ఆఖరి నీళ్లు పోసినామె నాకు బిడ్డనే. గీ చీర ఆమెకు వెట్టు. రాజి ఆఖరుకు ఏమన్నదో అడుగు. అడగకుంట రాకు."

సాయంత్రమే విమానం. శవపేటిక అప్పటికే విమానాశ్రయానికి చేరింది.

వడ్డించే ఆమె పళ్లెం తెచ్చింది. పళ్లెమంత అట్టు. దాని మీద పప్పు, ఆకుకూర, గోబీ కుప్పలుగా ఉన్నాయి. నరేశ్ ఒక తుంపు నోట్లో పెట్టుకున్నాడు. పుల్లగా ఉంది. తలుపు వైపు చూస్తూ తిన్నాడు.

చీర కట్టుకున్న ఒకామె లోపలికి వచ్చింది. నరేశ్ లేచి నిలబడ్డాడు. ఆమె వెనక భర్త వచ్చాడు. ఇద్దరూ అరవం మాట్లాడుకుంటూ మూలకు వెళ్లారు. నరేశ్ కూర్చున్నాడు.

వడ్డించే ఆమె మళ్లీ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. కడిగిన చేతులు ఏప్రాన్‌కు తుడుచుకుంటూ అతని ముఖంలోకి చూసింది. చూస్తూనే కుర్చీలోని కవరు తీసి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నరేశ్ కవరు లాక్కున్నాడు.

"గిది నీకు గాదు. వేరే ఆమెకు. గా కుర్సీ గూడ ఆమెకే."

ఆమెకు అర్థం కాలేదు. లేవలేదు. అతని పళ్లెంలోంచే అట్టు తుంచింది. పప్పు పెట్టి చుట్టింది. ముద్దను అతని నోటి దగ్గరికి తెచ్చింది.

పక్క బల్ల వాళ్లు చూస్తున్నారు. నరేశ్‌కు చెవులు వేడెక్కాయి. ఎవరో పరాయి ఆడమనిషి. తను తింటున్న పళ్లెంలో చెయ్యి. అందులోనూ మైల రోజులు.

"నేనేమన్న చిన్నపోరన్నా? పో అవుతలికి."

ముఖం తిప్పుకున్నాడు.

ఆమె తన భాషలో ఏదో అంది. చెయ్యి ఇంకాస్త చాపింది. నరేశ్ అరచెయ్యి అడ్డం పెట్టాడు.

ముద్దను పళ్లెం అంచున పెట్టి ఆమె లేచింది. లోపలికి పోయి మళ్లీ రాలేదు. పళ్లెం తీయడానికి వేరొకతను వచ్చాడు.

నమాజు ముగించుకుని ఫరూఖ్ వచ్చాడు.

"కలిసిందా తమ్మీ?"

"ఎవలు రాలేదన్నా. మనోళ్లు గింతే. మనిషి పోయింది, ఇగ మాతోని పనేందనుకున్నట్టున్నది."

"ఆపా ఫోన్ ఎత్తుతలేదు. ఆగు, లోపల అడుగుత."

"ఏమని అడుగుతవన్నా? అందరు గీ దేశపోళ్లే. మన ఆమె గీడ ఉంటె నాకు కనవడదా?"

ఫరూఖ్ ఒకసారి వంటగది వైపు చూశాడు. తర్వాత గడియారం చూసుకుని జేబులోంచి టాక్సీ తాళాలు తీశాడు.

విమానం ఎక్కే వరుసలో నిలబడ్డాక నరేశ్ ఫోన్ మోగింది. ఫరూఖ్.

"తమ్మీ, హోటల్ల నీకు ఎవలన్న ముద్ద పెట్టవోయిన్రా?"

"ఆ, పెట్టవోయింది. గా వడ్డిచ్చే ఆమె. పిచ్చిదున్నట్టున్నది. నీకెట్ల తెలిసె?"



"ఆపా ఇప్పుడే ఫోన్ చేసింది. గా ఆమె పని ఇడిసిపెట్టి ఆపా రూముకు పోయి కూసున్నదట. వాళ్ల దిక్కు అయినోళ్లు ఇంటికొస్తె ముందుగాల చేత్తోని ముద్ద వెడ్తరట."

వరుస కదిలింది. చంకలోంచి జారుతున్న చీర కవరును నరేశ్ పట్టుకున్నాడు.

"అయితె?"

"ఆపాను ఒక్కటే అడుగుతున్నదట తమ్మీ... 'చెయ్యి వడిపోయిన కాన్నుంచి అక్క ఆఖరి దినం దాంక నా చేతి ముద్దనే తిన్నది, ఒక్కపారి గూడ మొఖం తిప్పుకోలేదు, మరి అక్క కొడుకెందుకు తిప్పుకున్నడు' అని."