బ్యాటరీ ఉన్నంతసేపే

కరెంటు పోయింది. రోజూ పోయినట్టు కాదు. ఊరూ వాడా ఏకమైనట్టు ఒక్కసారిగా పోయింది.

కంట్రోల్ రూములో దీపాలు ఆరిపోయాయి. తెరలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. పక్క గదిలో వరసగా పేర్చిన బ్యాటరీల పుణ్యం అది. పెద్ద మిషను ఆగినా, దాని ఇరుసు ఇంకా ఊపు మీద గిర్రున తిరుగుతోంది. ఆ ఇరుసును మోసే బేరింగులకు నూనె పంపే చిన్న పంపు కూడా ఆ బ్యాటరీల మీదే బతుకుతోంది. అవి అయిపోయాయా, నూనె ఆగుతుంది. నూనె ఆగితే బేరింగులు మాడిపోతాయి. ఆపైన నెలల తరబడి ప్లాంటుకు తాళమే.

షిఫ్ట్ ఇంజనీరు చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది.

"జనరేటరు ఏమైంది మేస్త్రీ?" అని కేకేశాడు.

"ఏమవుతుంది, నా తలకాయ! డీజిలు నిండా ఉంది. ఆయిలు మొన్ననే మార్చాం. స్టార్టు చేసే బ్యాటరీ చచ్చి కూర్చుంది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని ఊరికే అన్నారా?" అన్నాడు ఫిట్టరు. ప్లాంటులో అందరూ అతన్ని సణుగుడు మేస్త్రీ అంటారు. ఇల్లు అంటుకున్నా ముందు సణిగి, ఆ తర్వాతే నీళ్ళకు పరిగెత్తే రకం.

అప్పుడే ఇంజనీరు ఫోను మోగింది. అక్క.

"ఒరేయ్, అమ్మ ఆక్సిజన్ మిషను ఇన్వర్టరు మీద నడుస్తోందిరా. అదేమో కుయ్ కుయ్‌మని అరుస్తోంది. ఎంతసేపు ఉంటుందో తెలీదు."

"సిలిండరో?"

"మీ బావ తేవడానికి వెళ్ళారు. సిగ్నళ్ళు లేక బండ్లన్నీ ఎక్కడివక్కడే ఇరుక్కుపోయాయట. అంబులెన్సుదీ అదే గతి. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదురా. నువ్వు వచ్చెయ్. వెనక గేటు దాటితే ఇల్లే కదా."

"ఇప్పుడు కదల్లేనక్కా."

"ఏంటీ?"

"రాలేను. అమ్మని కాస్త కూర్చోబెట్టి పట్టుకో."

"కన్నతల్లి కన్నా ఆ మిషను ఎక్కువైపోయిందిరా నీకు?" అక్క బావురుమంది.

అతను ఫోను జేబులో వేసుకున్నాడు. అమ్మ ముఖమే కళ్ళ ముందు కదులుతోంది.

సణుగుడు మేస్త్రీ అంతా విన్నాడు. ఈసారి సణగలేదు.

"వెళ్ళండి సారూ. ఇక్కడి సంగతి నేను చూసుకుంటా."

"వెళ్ళి ఏం చెయ్యను? నోటితో గాలి ఊదనా? పద, గేటు దగ్గర లారీ ఉంది."

లారీ డ్రైవరు అన్నం తింటున్నాడు. తన బండి బ్యాటరీలు ఊడదీస్తుంటే ఎంగిలి చేత్తోనే వచ్చి అడ్డం పడ్డాడు.

"పట్టపగలు ఈ దోపిడీ ఏంటయ్యా! మా ఓనరుకి నేనేం చెప్పుకోను?"

"నీ ఓనరు ఎక్కడికీ పోడు కానీ, ముందు ఆ చివర పట్టుకో," అన్నాడు మేస్త్రీ. తిట్టుకుంటూనే డ్రైవరు ఓ చెయ్యి వేశాడు.

ఒక్కో బ్యాటరీ బండరాయంత బరువుంది. మోసుకెళ్ళి జనరేటరు పక్కన దించి, తీగలు బిగించారు. జనరేటరు ఒకసారి మూలిగింది. రెండోసారి దగ్గింది. కంట్రోల్ రూములోంచి ఎవరో "బ్యాటరీలు అడుగంటాయి సార్!" అని అరిచారు. మూడోసారికి జనరేటరు నల్లటి పొగ కక్కి అందుకుంది.

"బతికించావే తల్లీ!" అని మేస్త్రీ దాని ఒంటి మీద చరిచాడు. "ఇప్పుడైనా మీ అమ్మ దగ్గరికి వెళ్ళండి సారూ. గండం గడిచింది."

"ఎక్కడ గడిచింది? ఇది తెరలకీ నూనె పంపుకీ చాలుతుంది. అంతే. పెద్ద పంపులూ ఫ్యాన్లూ తిరగాలంటే బయటి నుంచి కరెంటు లైను రావాలి. వేడి మీద ఉన్నప్పుడే మిషను లేపాలి. చల్లారిందంటే రేపటిదాకా లేవదు."

తల్లి ప్రాణం మీదికి వస్తే ఈయనకు మిషను గోలేమిటని లారీ డ్రైవరు నోరు వెళ్ళబెట్టి చూశాడు.

మళ్ళీ ఫోను. ఈసారి అక్క కాదు, అమ్మే. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"నాన్నా... అక్క మాటలు... పట్టించుకోకు. నువ్వు... అక్కడే ఉండు."

వెనకాల ఇన్వర్టరు ఆగకుండా మోగుతోంది. అమ్మ ఇంకేదో అనబోయింది కానీ దగ్గు తెర ముంచేసింది. ఫోను కట్టయింది.

ఇంజనీరుకు ఏడుపు ముంచుకొచ్చింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుని కంట్రోల్ రూములోకి పరిగెత్తాడు. ఎవరికి ఏ కరెంటు లైను ఇవ్వాలో చూసే ఆఫీసుకు ఫోను కలిపాడు. అక్కడి పెద్దాఫీసరమ్మే ఎత్తింది.

"మేడమ్, జనరేటరు అందుకుంది. మా మిషనుకు ఏం కాలేదు. ఒక్క లైను ఇవ్వండి. ఎక్కణ్ణుంచైనా సరే."

"ఎక్కడుంది బాబూ ఇవ్వడానికి? చుట్టుపక్కల అందరిదీ పోయింది. నేనే ఇక్కడ టార్చిలైటు పెట్టుకుని కూర్చున్నా."

"ఇంట్లో మా అమ్మకి ఊపిరాడట్లేదు మేడమ్. ఇన్వర్టరు అయిపోతోంది. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క లైను."

అవతల టార్చిలైటు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ఊరంతటికీ కరెంటు తయారుచేసి పంపే మీరే నన్ను కరెంటు అడిగితే, నేనెవర్ని అడగాలి నాయనా?"