ఇరుకు గల్లీ తరఫున

పాక్ గుణార్తో అనే ఆయన పాత కాగితం ఒకటి విప్పగానే బు వుర్యానీ ముఖం పాలిపోయింది.

“వినండి. ‘ఇలాంటి ఇరుకు గల్లీలను ఖాళీ చేయించాలి. జనాన్ని శివార్లకు పంపి పలచగా సర్దాలి. బ్యాంకాక్‌ను చూసి నేర్చుకోవాలి.’ పదిహేనేళ్ల కిందటి నివేదిక ఇది. కింద సంతకం మీదేగా, బూ?”

మసీదు వరండాలో కిక్కిరిసి కూర్చున్న జనమంతా ఆవిడ వైపు తిరిగారు.

జకార్తాలో కాలువ పక్కనున్న ఆ గల్లీని తీసేసి, నూట ఎనభై కుటుంబాల్ని ముప్పై కిలోమీటర్ల అవతలికి పంపాలని నగరపాలక ఆఫీసువాళ్లు అనుకున్నారు. గుణార్తో వాళ్ల మనిషి. వుర్యానీ నగరాల మీద పరిశోధన చేసే ప్రొఫెసరు. తమ తరఫున మాట్లాడమని గల్లీవాళ్లే బతిమాలి పిలుచుకొచ్చారు. పాక్ అన్నా, బు అన్నా అక్కడి మర్యాద పిలుపులే, మన అయ్యగారు, అమ్మగారు అన్నట్టు.

అంతవరకూ బాగానే మాట్లాడింది.

“బ్యాంకాక్ శివార్లలో ఉప్పు అయిపోతే బండి తీయాలి. మనీలా శివార్ల నుంచి పనికెళ్లేవాళ్లకి సగం బతుకు బస్సులోనే గడిచిపోతోంది. ఇక్కడ సందు చివరే బడి. పక్కింట్లోనే టైలరు. ముసలమ్మ పడిపోతే లేపడానికి పది చేతులు. ఇరుకు రోగం కాదు, బలం!” అంటే చప్పట్లు మోగాయి.

ఇప్పుడు ఎవరి చేతులూ కదల్లేదు.

“సంతకం నాదే,” అంది చివరికి. “తప్పు రాశాను. అప్పుడు ఎకరానికి ఎంతమందో చూశాను గానీ ఆ మనుషులెవరో చూళ్లేదు. మీ ముందు నిలబడాలంటే సిగ్గుగా ఉంది.”

గల్లీ పెద్ద పాక్ దుల్‌హాది గొంతు సవరించుకున్నాడు. “పోనీలెండి బూ, ఒప్పుకున్నారుగా. ఆఫీసువాళ్లు తప్పు ఒప్పుకోగా మేం ఇంతవరకూ వినలేదు.”

జనం ఘొల్లున నవ్వారు. గుణార్తో మాత్రం వదల్లేదు.

“బాగుంది. ఇరుకు అంత గొప్పదైతే, తమరు ఎక్కడుంటున్నారో కూడా చెప్పండి.”

వుర్యానీ ఒక్క క్షణం తడబడింది. “ఇలాంటి గల్లీలోనే.”

“అలాగా? చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

మూడో వరసలోంచి నీలం ముసుగు కట్టుకున్న ఒకావిడ లేచింది. ఆవిణ్ణి చూడగానే వుర్యానీ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేసింది. తల దించుకుంది.

“నా పేరు తస్మీ. కాలువ అవతల ఉంటాను. మా అక్క ఇల్లు పడగొడతారంటే వచ్చాను,” అందావిడ. “ఈ బు గారిల్లు నాకు తెలుసు. పదకొండేళ్లుగా చూస్తున్నా. ఈవిడకి రాత్రి నిద్ర పట్టకపోతే పొద్దున్నే మొహం చూసి చెప్పేస్తాను. దగ్గితే నాకు వినపడుతుంది. టీలో చక్కెర వేసుకోదు. ముళ్ల చేప ముట్టదు. ఇంకా ఏమన్నా చెప్పమంటారా?”

“ఇంకేం చెప్పాలి? గోడకి గోడ!” అన్నాడు దుల్‌హాది. “పాక్ గుణార్తో, మీ పక్కింటాయన పేరు చెప్పండి చూద్దాం!”

గుణార్తో కాగితాలు తిరగేశాడు, పేరు మాత్రం దొరకలేదు. వరండా అదిరేలా కేకలు. చివరికి ఆయన కాగితాలు సర్దుకుని, గల్లీ జోలికి రాకముందు మళ్లీ సర్వే చేయిస్తామని అందరి ముందూ రాసి సంతకం పెట్టాడు.

ఆడవాళ్లు వచ్చి వుర్యానీ చేతులు పట్టుకున్నారు. వేడివేడి సోయాగింజల టెంపే వేపుడు పొట్లం కట్టి ఒళ్లో పెట్టారు. ఆవిడ తల ఎత్తలేదు. ఎంత అణకువో అనుకున్నారు.

మెయిన్ రోడ్డు దాకా తస్మీ తోడు వచ్చింది.

“ఎందుకలా... అందరి ముందూ?” అంది వుర్యానీ, నేల చూపులు చూస్తూ.

“నేను అబద్ధం ఒక్కటి కూడా చెప్పలేదుగా, బూ.”

వుర్యానీ రోడ్డు వైపు చెయ్యి ఊపింది. బైకు టాక్సీ వచ్చి ఆగింది. ఎక్కబోతుంటే తస్మీ మొహమాటంగా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

“రేపు పొద్దున అక్కకి సాయం చేసి ఓ గంట ఆలస్యంగా వస్తాను బూ, మీ ఎనిమిది గదులూ తుడిచి, తోట ఊడ్చి, గిన్నెలు తోమేసరికి మధ్యాహ్నం దాటుతుంది, ఏమీ అనుకోకండి.”