గీత దాటిన బండి

పాత బండ్ల తనిఖీ కేంద్రంలో పెద్దాయన నడుపుతున్న మోటార్‌సైకిల్ మళ్ళీ, ఆగాల్సిన తెల్లగీత దాటాకే ఆగింది. ఇన్‌స్పెక్టరమ్మ పెదవి విరిచింది.

"బ్రేకులు పట్టట్లేదు బాబాయ్. పాస్ చెయ్యలేను."

"మొన్ననే కొత్తవి వేయించానమ్మా! నా బండిని అంత మాటనకు. కావాలంటే నువ్వే నడిపి చూడు."

ఆమె హెల్మెట్ పెట్టుకుని బండెక్కింది. అంతే వేగంతో వచ్చి బ్రేకు నొక్కితే, గీతకు జానెడు ఇవతలే మేకు కొట్టినట్టు ఆగింది. ఇంకోసారి చూసింది. మళ్ళీ అంతే.

"బండి బంగారం బాబాయ్, నాదే తొందరపాటు," అంటూ దిగింది.

ఆయన మొహంలో సంతోషం లేదు. బ్రేకు నొక్కే కుడిచేతి పిడికిలి బిగించబోయాడు. వేళ్ళు సగం ముడుచుకుని, అక్కడే ఆగిపోయాయి.

"రోజూ మనవరాల్ని వెనకాల కూర్చోబెట్టుకునే తిరుగుతున్నాను," అన్నాడు మెల్లగా. "ఫెయిలనే రాసెయ్యమ్మా."

"బండిలో ఏ లోపమూ లేదుగా బాబాయ్!"

"తప్పు దాని మీదే రాయి తల్లీ. బండి పాడైందంటే ఇంట్లో ఎవరూ నా మీద జాలిపడరు."

ఆమె కాగితం మీద ఫెయిలని రాసింది.

ఆయన బండి స్టార్ట్ చెయ్యలేదు. తోసుకుంటూనే గేటు దాటాడు.