రెండో చప్పుడు

మజ్జిగ గ్లాసు నోయల్ మోచేతికి తగిలి, టేబుల్ దాటి, సరళకుమారి ఆంటీ పట్టుచీర ఒళ్లోకి వెళ్లి పడింది.

ఆదివారం చర్చి ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినే ప్రేమవిందు. ఆర్.కె. పురం కమ్యూనిటీ హాలు నిండా దేశ రాజధానిలో ఉంటున్న తెలుగువాళ్లే.

"సారీ ఆంటీ... సారీ... నేను చూళ్లేదు..."

తలలన్నీ నోయల్ వైపు తిరిగాయి. ఇప్పుడు నవ్వు మొదలవుతుంది. దాని వెనకే జాలి వస్తుంది. అతనికి నవ్వు కంటే జాలంటేనే భయం.

అంతలో వెనక ధడేల్‌మని చప్పుడు! స్టీలు ప్లేట్ల దొంతర మొత్తం నేల మీద పడి దొర్లుతోంది.

"అయ్యో, నా చేతులు పాడుగాను!"

ప్లేట్ల మధ్య ఒక బక్కపలచని ముసలాయన నిలబడి ఉన్నాడు. తలలు అటు తిరిగాయి. నవ్వు కూడా అటే వెళ్లింది.

"పౌలురాజుగారూ, వచ్చే వారం మీకు అరిటాకే!" అంది సరళకుమారి ఆంటీ, తన చీర సంగతి మర్చిపోయి.

పౌలురాజుగారు కాకినాడ నుంచి కూతురి క్వార్టర్స్‌కి ఈమధ్యే వచ్చారు. ఏం చేసేవారని అడిగితే "హాస్పిటల్లో పనండీ" అన్నారు. ఆ సంఘంలో సగం మంది హాస్పిటళ్ల వాళ్లే. రెండో ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఇక నోయల్ సంగతి. వయసు ముప్ఫై నాలుగు. నోయిడాలో సాఫ్ట్‌వేర్. ఇందిరాపురంలో బయల్దేరి ఇక్కడికి చేరేలోపు గొడుగు మెట్రోలోనూ, ఫోను ఆటోలోనూ మర్చిపోగల సమర్థుడు. పోయినేడాది డాక్టరు దీన్ని ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస కుదురుగా నిలవని తత్వం అన్నాడు. అందులో రెండు ఢీలు ఎందుకున్నాయో నోయల్‌కి చెప్పకుండానే తెలిసింది. ఒకటి తలుపుకి, ఒకటి టేబులుకి. మనసు ముందు వెళ్లిపోతుంది, మోచెయ్యి వెనక వస్తుంది, మధ్యలో గ్లాసు ఉంటుంది. గాజుకీ అతనికీ పడదు. పడదు కాబట్టే పడుతుంది.

ఇంకొక్కసారి నవ్వులపాలైతే నలుగురిలోకి రానే రానని భార్య అనుగ్రహకు తేల్చి చెప్పేశాడు.

విచిత్రమేమిటంటే, నవ్వులపాలయ్యే అవకాశం అతనికి దక్కడం లేదు.

అతను మైకు స్టాండు తన్నేస్తే, పౌలురాజుగారు పాటల పుస్తకాల బొత్తి జారవిడిచారు. అతను టీ ఒలకబోస్తే, ఆయన పంచదార డబ్బానే బోర్లించారు.

"ఆరామ్ సే, అంకుల్‌జీ!" అని, నెమ్మదిగా చెయ్యమంటూ చాయ్ భయ్యా లబోదిబోమన్నాడు.

పంచదార ఒలికిన రోజు సాయంత్రం నోయల్ అయోమయంగా అడిగాడు.

"అనూ, నా జబ్బు అంటుకుంటుందా?"

"అంటుకుంటే ముందు నాకంటాలి. నిన్న పాల ప్యాకెట్టు బీరువాలో పెట్టింది నువ్వే, నేను కాదు."

"మరి ఆయనకేంటి?"

"ఏమో. నాకూ అర్థం కావట్లేదు."

ఆలోచించగా ఆలోచించగా నోయల్‌కి ఒకటే తోచింది. పాపం, ఆయనకూ ఉంది. ఎవరూ కనిపెట్టలేదు. మరుసటి ఆదివారం ఆయన్ని పక్కకి పిలిచాడు.

"అంకుల్, ఏమనుకోకండి. మీరూ ఓసారి డాక్టరుకి చూపించుకోండి. నాకు మందులు కాస్త పనిచేస్తున్నాయి."

పౌలురాజుగారు గంభీరంగా తలూపారు. "అలాగే బాబూ. ఏంటో, ఈ వయసులో మొదలైంది."

వచ్చే నెల ప్రభు బల్ల ఆరాధనలో వడ్డించే వంతు వాళ్లిద్దరిదీ. ఒకరు రొట్టె పళ్లెం, ఒకరు ద్రాక్షరసం ట్రే పట్టుకోవాలి. ట్రే నిండా బొటనవేలంత గాజు గ్లాసులు. నోయల్ గుండె జారింది. ప్రస్తుతానికి జారింది అదొక్కటే.

పాస్టరుగారి దగ్గరికి పరిగెత్తాడు.

"అయ్యగారూ, ఆయన్ని నాతో వేయకండి. నా చేతులే నాకు ఎక్కువ. పక్కన ఆయన కూడా ఉంటే ఒక్క గ్లాసు మిగలదు."

వెనక్కి తిరిగేసరికి పౌలురాజుగారు ఎదురుగా ఉన్నారు. అంతా విన్నారు.

"మంచిమాటే," అని నవ్వారు. "నువ్వొక్కడివే పట్టుకో బాబూ. ట్రే వంక చూడకు. ఎవరికిస్తున్నావో ఆ మొహం చూడు. చెయ్యి దానంతటదే నిలుస్తుంది."

ప్లేట్లు పడేసే మనిషి పాఠాలు కూడా చెబుతున్నాడే అనుకున్నాడు నోయల్.

ఆ ఆదివారం రానే వచ్చింది. పౌలురాజుగారు మాత్రం రాలేదు. కాకినాడ వెళ్లారని ఎవరో అన్నారు. నోయల్ హమ్మయ్య అనుకున్నాడు.

రొట్టె అయ్యగారే అందుకున్నారు. నోయల్ ట్రే ఎత్తాడు. ఏం చేయాలో తోచక, ముసలాయన చెప్పిందే చేశాడు. సరళకుమారి ఆంటీ మొహం చూశాడు. గ్లాసులు కదల్లేదు. అనుగ్రహ మొహం చూశాడు. ఆమె కళ్లు నవ్వాయి. ఒక్కో మొహం, ఒక్కో వరస. ట్రే బుద్ధిగా నడిచింది.

చివరి వరసలో పౌలురాజుగారు కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంది.

అక్కడ చూడటానికి మొహం లేదు.

నోయల్ మోకాలు ఆ కుర్చీకే కొట్టుకుంది. ఒక గ్లాసు జారి, నేల మీద భళ్లున పగిలింది.

తలలన్నీ తిరిగాయి.

నోయల్ అలవాటుగా రెండో చప్పుడు కోసం ఆగాడు.

రాలేదు.

తిరిగిన తలలు తిరిగినట్టే ఉన్నాయి.

ఆరాధన అయ్యాక, తెల్లచీర కట్టుకున్న ఒకావిడ గుమ్మంలో అయ్యగారితో మాట్లాడుతూ కనిపించింది. పౌలురాజుగారి కూతురు కెరెన్. నర్సు. ఆదివారాలు డ్యూటీ కావడంతో ఇన్నాళ్లూ ఇక్కడికి రాలేకపోయింది.

"పోయిన వారం కాకినాడలో నాన్న ప్రభువునందు నిద్రించారు," అంటోంది. "గుండె ఆగిపోయింది. ఇక్కడివాళ్ల గురించి తెగ చెప్పేవారు. మీకు చెప్పి వెళ్దామని వచ్చాను."

నోయల్ ఆమె దగ్గరికి వెళ్లాడు. నోటికి ఏదొస్తే అది అడిగాడు.

"అక్కా... చివర్లో కూడా ఆయన చేతులు అలాగే జారేవా? డాక్టరుకి చూపించుకోమని నేను చెప్పాను..."

కెరెన్ అయోమయంగా చూసింది.

"చేతులు జారడమేంటి తమ్ముడూ? రిటైరయ్యేదాకా కంటి ఆపరేషన్లలో డాక్టరుగారి చేతికి సూదులందించిన మనిషి. నాన్న చేతిలోంచి దారప్పోగు జారి కింద పడటం కూడా నేనెప్పుడూ చూడలేదు."